వేరుశనగలో అఫ్లాటాక్సిన్: పరీక్షల చరిత్ర

రాజంపేట నుంచి కర్నూలు దాకా పరుచుకున్న మెట్ట పొలాల్లో వానాకాలం పంటల్లో ముందు వరసలో ఉండేది శెనక్కాయే. గింజ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే దిగుబడి పడిపోతుంది. అది రైతుకు కళ్లెదుట కనిపించే నష్టం. కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. పంట చివరి మూడు నుంచి ఆరు వారాల్లో నేల ఎండి వేడెక్కితే, మట్టిలో ఉండే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చొరబడుతుంది. అది తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. కాలేయానికి శత్రువు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. బూజు పట్టిన గింజను ఏరి పారేయవచ్చు గానీ, విషం చేరినా చూపుకు బాగానే ఉన్న గింజను నాలుక గాని ముక్కు గాని పట్టలేవు. వేయించినా విషం పూర్తిగా పోదు. ప్రయోగశాల ఒక్కటే దిక్కు.

ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది టర్కీ కోళ్ల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. కారణం అంతుపట్టక ఆ రోగాన్ని ‘టర్కీ ఎక్స్’ అన్నారు. ఆరా తీయగా మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర తేలింది. మరుసటి ఏడాది అందులోని బూజునూ గుర్తించారు.

మొదటి పరీక్షలకు ఆధారం ఈ విషానికి ఉన్న ఒక గుణం. అతినీలలోహిత దీపం కింద ఇది మెరుస్తుంది. నీలంగా మెరిసే రకాలు బీ1, బీ2 అయ్యాయి, ఆకుపచ్చగా మెరిసేవి జీ1, జీ2 అయ్యాయి. నూరిన గింజల నుంచి తీసిన సారాన్ని సిలికా పూత పూసిన పలక మీద చుక్కగా పెడతారు. ద్రావకం పైకి పాకుతూ ఆ చుక్కలోని పదార్థాలను విడదీస్తుంది. తర్వాత దీపం వెలిగించి, మెరుపును తెలిసిన మోతాదు చుక్కల పక్కన పెట్టి పోలుస్తారు. పలుచని పొర క్రొమటోగ్రఫీ అనే ఈ పద్ధతి ఖర్చు తక్కువది. అయితే దానికి అనుభవం ఉన్న కన్ను కావాలి.

ఈ చరిత్రలో తెలుగు నేలది చిన్న పాత్రేమీ కాదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగం క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు తుల్పులే, మాధవన్, గోపాలన్ 1964లోనే చిన్న వయసు కోతులకు అఫ్లాటాక్సిన్ పెడితే ఏమవుతుందో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. టర్కీ కోళ్లు చచ్చి అప్పటికి నాలుగేళ్లే. ఆహారం, మందుల్లోని విషాలను పరిశోధించే కేంద్రం ఆ సంస్థలో 1971లో ఏర్పడింది.

మూడేళ్లకే ఆ అనుభవం అవసరపడింది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల గిరిజన పల్లెల్లో జనం కామెర్లతో, కడుపులో నీరు చేరి మంచాన పడ్డారు. 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయి. హైదరాబాద్ సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ ఆ ఊళ్ల మొక్కజొన్నను పరీక్షించారు. అకాల వర్షానికి తడిసి బూజు పట్టిన గింజల్లో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ బయటపడింది. ధాన్యానికి నేడు మన దేశంలో ఉన్న పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే అక్కడి కనిష్ఠ మోతాదే దానికి 400 రెట్లకు పైన. ఆ నమూనాలు ప్రయోగశాలకు చేరకపోయి ఉంటే ఆ చావులు అంటుజ్వరం లెక్కలో కలిసిపోయేవి.

1982లో చిత్తూరు జిల్లా కోళ్ల ఫారాల్లో కోడిపిల్లలు పెద్దఎత్తున చచ్చిపోయినప్పుడు కూడా మేతలోని వేరుశనగ చెక్కే దోషిగా తేలింది. ఈసారి వ్యవహారం రాయలసీమలోనే.

బూజును పట్టుకోవడం వేరు, విషాన్ని పట్టుకోవడం వేరు. 1983లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రూపొందించిన ఏఎఫ్‌పీఏ అనే పోషక మాధ్యమం మీద పొలం మట్టినో, గింజనో పెట్టి 30 డిగ్రీల వేడిలో ఉంచితే, రెండు రోజుల్లోపే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అడుగున నారింజ రంగు తేలి దొరికిపోతుంది. కానీ ఆ జాతిలో విషం చేయని తెగలూ ఉన్నాయి. మట్టిలో బూజు కనిపించినంత మాత్రాన కాయలో విషం ఉన్నట్టు కాదు. పొలానికి ఎంత ముప్పు పొంచి ఉందో చెప్పడానికే ఆ పరీక్ష పనికొస్తుంది.

అన్నిటికన్నా చిక్కు నమూనా తీయడంలో ఉంది. విషం బస్తా అంతా సమంగా పరుచుకోదు. వేల గింజల్లో ఏ ఒక్కదానిలోనో కుప్పపడి ఉంటుంది. అటువంటి ఒక్క గింజలో విషం పది లక్షల పీపీబీ (ఒక పీపీబీ అంటే కిలోకు ఒక మైక్రోగ్రాము), అంటే వెయ్యి భాగాల్లో ఒక భాగం దాకా ఉండగలదని 1960లలోనే కొలిచారు. అది పిడికెడు నమూనాలో పడితే లాటు మొత్తం తిరస్కరణకు గురవుతుంది, పడకపోతే విషం ఉన్న సరుకే దాటిపోతుంది. అందుకే బస్తాల్లో చాలాచోట్ల నుంచి కిలోల కొద్దీ గింజలు తీసి, కలిపి, నూరి, అందులోంచి కొంత తీసుకోవాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ మొదటి మెట్టులో జరిగిన పొరపాటును సరిదిద్దలేదు.

1998లో యూరోపియన్ యూనియన్ నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్‌కు 4 పీపీబీ, బీ1కు 2 పీపీబీ హద్దు పెట్టింది. అప్పట్లో మన చట్టం 30 దాకా ఒప్పుకునేది. ఎగుమతిదారులకు పరీక్ష తప్పనిసరి అయింది. ఒక్కో నమూనాకు 25 డాలర్ల వరకు అయ్యే ఖర్చు చిన్న రైతుకు అందేది కాదు.

ఇక్కడే 1972లో పటాన్‌చెరులో వెలసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పని గుర్తుంచుకోవాలి. డీవీఆర్ రెడ్డి, ఫరీద్ వలియార్ వంటి శాస్త్రవేత్తలు అఫ్లాటాక్సిన్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలను అక్కడే తయారుచేసి, వాటితో నడిచే ఎలైసా పరీక్షను చవక చేశారు. నమూనా ఖర్చు ఒక డాలరు దరిదాపులకు దిగింది. ఈ పరీక్షలో విషం ఎంత ఎక్కువుంటే రంగు అంత తక్కువ తేలుతుంది. నమూనాలోని విషం ప్రతిరక్షకాల కోసం పోటీపడటమే అందుకు కారణం. అనంతపురం, పీలేరు ప్రాంతాల్లో రైతుల పొలాల్లోనే విషాన్ని తట్టుకునే రకాలను పరీక్షించినప్పుడు ఇది అక్కరకొచ్చింది. ఆఫ్రికాలోని మలావీ రైతులు యూరప్ మార్కెట్‌కు మళ్లీ వేరుశనగలు పంపగలగడంలోనూ దీనికి వాటా ఉంది. 2016లో అదే సంస్థ 15 నిమిషాల లోపే, రెండు డాలర్ల లోపు ఖర్చుతో ఫలితం చెప్పే పట్టీని తెచ్చింది. దానికి ప్రయోగశాల గది అవసరం లేదు.

అయినా ఈ మేలు అందరికీ సమంగా అందలేదు. ఎగుమతి లాటుకు ధ్రువపత్రం ఉంటుంది. సంకటిలోకి నూరుకునే ఊరిబిండి గింజలకు ఆ పరీక్ష ఎవరూ చేయరు. ఇది సరైన తీరు కాదు. ఏరివేతలో పక్కకు పోయిన ముడుతల గింజలు నూనె మిల్లుకు చేరతాయి. నూనెను శుద్ధి చేస్తే విషం పోతుంది, చెక్కలో మాత్రం నిలిచిపోతుంది. ఆ చెక్క తిన్న పాడిపశువు శరీరంలో బీ1 విషం ఎం1గా మారి పాలలోకి దిగుతుంది. పాలలో ఎం1కు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రామే.

ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు సేకరించి పరీక్షించింది. 368 నమూనాల్లో ఎం1 పరిమితి దాటింది. పాలను ఇంత విస్తృతంగా ఈ విషం కోసం పరీక్షించడం దేశంలో అదే మొదలు. మూలం పశువుల దాణాలో ఉందని సంస్థ గుర్తించింది. దాణాలో బీ1కు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 20 పీపీబీ.