అత్రాఫ్ బల్దా: మనం ఉంటున్న పాత జిల్లా

నారపల్లిలో ప్లాటు కొన్నవాళ్ళని కదిపి చూడండి. చరిత్ర అంటే ఆవులించేవాళ్ళకి కూడా సేత్వార్, ఖాస్రా పహాణీ, సర్ఫేఖాస్ లాంటి మాటలు నోటికొచ్చి ఉంటాయి. లాయరుకి ఫీజు కట్టి మరీ నేర్చుకున్న పాఠం కదా, మర్చిపోరు. ఆ మాటలు ఎక్కడివి అని వెతుక్కుంటూ వెళ్తే నాకు ఒక జిల్లా తగిలింది. ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేదు. దాని పేరు అత్రాఫ్ బల్దా.

అత్రాఫ్ అంటే చుట్టుపక్కలు, బల్దా అంటే నగరం. అంటే "ఊరి చుట్టుపక్కల జిల్లా" అన్నమాట. పేరు పెట్టడానికి కూడా బద్ధకించారా అనిపిస్తుంది. అన్నట్టు "నా తరఫున మాట్లాడు" అంటాం చూడండి, ఆ తరఫ్ కి బహువచనమే అత్రాఫ్. బల్దా నుంచి వచ్చిన బల్దియా అయితే పాత నగరంలో ఇప్పటికీ మునిసిపాలిటీకి వాడుక మాట. జిల్లా పోయింది, మాటలు మాత్రం మన నోళ్ళలో ఉండిపోయాయి.

1865లో మొదటి సాలార్ జంగ్ జిలాబందీ పేరుతో నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. తాలూకాలు, తాలూక్‌దార్లు, జీతాలున్న ఉద్యోగులు అన్నీ వచ్చాయి. అయితే ఆ ఏర్పాటు దివానీ భూములకి, అంటే ప్రభుత్వానికి శిస్తు కట్టే ఊళ్ళకి. రాజ్యంలో దాదాపు పదో వంతు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుకి పెట్టుకున్న భూమి. ఇంకో మూడో వంతు దాకా జాగీర్లు. నగరం చుట్టూ ఉన్న వలయం ముఖ్యంగా ఆ సొంత ఖర్చు ఖాతాలోదే. అత్రాఫ్ బల్దా అంటే అదే. అక్కడ వసూలైన శిస్తు సర్కారు ఖజానాకి కాదు, నేరుగా నిజాం ఖాతాకి పోయేది. అధికారులు కూడా వేరే.

నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఇది. మిగతా జిల్లాలకి ఒక నదో, కొండో, కోటో గుర్తు. దీనికి యాజమాన్యమే గుర్తు. ఉత్తరాన మెదక్, తూర్పున నల్లగొండ, దక్షిణాన మహబూబ్‌నగర్, ఇవన్నీ ఇరుగుపొరుగు. మధ్యలో నగరం మటుకు దీనిది కాదు. గారెకి చిల్లు ఉన్నట్టు. పైగా లోపల కూడా అంతా ఒకే రకం కాదు. ఒక ఊరు సర్ఫేఖాస్, పక్క ఊరు పాయిగా, ఆ పక్కది ఎవరో నవాబు జాగీరు. రైతు ఎవరికి శిస్తు కట్టాలో, ఎవరికి మొర పెట్టుకోవాలో ఊరు దాటితే మారిపోయేది. బండ్లగూడ జాగీర్ అన్న పేరులో ఆ తోక ఇంకా వేలాడుతూనే ఉంది. మన ఉప్పల్ కలాన్ లో కలాన్ అంటే పెద్ద, ఖుర్ద్ అంటే చిన్న. ఇవన్నీ శిస్తు లెక్క రాసేవాళ్ళు తగిలించిన మాటలే.

భూగోళం సంగతికొస్తే, మూసీ పుట్టే అనంతగిరి కొండలు కూడా ఈ జిల్లాలోవే. అక్కణ్ణుంచి తూర్పుగా వచ్చి, నగరం మధ్యలోంచి దూరి, ఉప్పల్ పక్కనుంచి నల్లగొండ వైపు పోతుంది. మిగతాదంతా గ్రానైటు గుట్టలు, వాటి మధ్య చెరువులు. మూసీ ఒడ్డున తోటలు. 1930లలో నగరాన్ని ఆనుకుని బాగాత్ అని ఇంకో చిన్న జిల్లా కూడా ఏర్పడింది. బాగాత్ అంటే తోటలు. 2019లో వేలం వేసిన ఉప్పల్ భగాయత్ లేఅవుట్ పేరులో ఉన్నది కూడా ఆ మాటే. తోట పోయి గజాల లెక్క మిగిలింది, అంతే.

రాజు సొంత ఖర్చుకి భూమి విడిగా పెట్టుకోవడం మన నిజాంకే తట్టిన ఉపాయం అనుకోకండి. రష్యాలో 1797లో జార్ పావెల్ తన కుటుంబ పోషణకని భూముల్నీ రైతుల్నీ విడదీసి, వాటికో వేరే శాఖ పెట్టాడు. ఉత్తరాన తెల్ల సముద్రం దగ్గర అర్ఖాంగెల్స్క్ అనే ప్రావిన్సు ఉండేది, 1796 నుంచి 1929 దాకా. అందులో షెన్‌కుర్స్క్ వైపు రైతులు అలా రాజకుటుంబం ఖాతాలో ఉన్నవాళ్ళే. 1917 విప్లవంలో ఆ భూమి మొత్తం ప్రభుత్వపరం అయింది, తర్వాత ప్రావిన్సే పోయింది. అక్కడ ఒక్క వేటుతో తేలిపోయింది. మన దగ్గర తేలలేదు, ఇదీ తేడా.

మన దగ్గర ఏం జరిగిందంటే, 1948 సెప్టెంబర్లో పోలీసు చర్య. 1949 ఫిబ్రవరిలో నిజాం ఫర్మానాతో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది. ఆగస్టులో జాగీర్లు రద్దు. అత్రాఫ్ బల్దా, బాగాత్ కలిపేసి హైదరాబాద్ జిల్లా అన్నారు. నిజాంకి పరిహారం ఇచ్చారు. ఆయన సొంత ఆస్తులు ఏవేవో ఒక జాబితా కూడా రాసుకున్నారు, దాన్నే బ్లూ బుక్ అంటారు. ఇక్కడే ఉంది మెలిక. ఏది రాజ్యంలో కలిసిన సర్ఫేఖాస్, ఏది ఆయన సొంతం, ఏది జాగీర్దారుది, ఏది తరాలుగా దున్నుతున్న రైతుది? 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే ఇంకో హక్కుదారుని చేర్చింది. 1954-55లో ఊరూరా ఖాస్రా పహాణీ రాశారు. ఆ రోజు గట్టు మీద ఎవరి పేరు చెబితే ఆ పేరు ఎక్కిందనీ, చదువు రాని కౌలు రైతు పేరు ఎక్కలేదనీ పెద్దవాళ్ళు చెబుతుంటారు. అన్నిచోట్లా అలా జరిగిందని నేను అనను. కానీ నగరం పక్క ఎకరానికి పెద్ద ధర లేని రోజుల్లో పడిన ఒక్క గీత, 70 ఏళ్ళ తర్వాత కోట్ల మీద కేసు అవుతోంది. కోర్టుల్లో పాత నవాబుల వారసులు, రైతుల మనవలు, ప్రభుత్వం, మధ్యలో ఈఎమ్ఐ కట్టే మనలాంటివాళ్ళు.

జిల్లా పేర్లు మాత్రం మారుతూనే వచ్చాయి. 1978 ఆగస్టు 15న నగరాన్ని విడదీసి చుట్టూ ఉన్నదాన్ని హైదరాబాద్ రూరల్ అన్నారు, తర్వాత కె.వి. రంగారెడ్డి పేరు పెట్టారు. చూడండి, మళ్ళీ అదే గారె, అదే చిల్లు! 2016కి ముందు రంగారెడ్డి కలెక్టరేటు ఉన్నది హైదరాబాద్ జిల్లాలో. ఒక సర్టిఫికెట్ కోసం పరిగి నుంచి వచ్చేవాడు సొంత జిల్లా దాటి పక్క జిల్లాకి వెళ్ళాలి. 2016 అక్టోబర్ 11న దాన్ని ముక్కలు చేశాక ఘట్‌కేసర్, ఉప్పల్ వైపంతా మేడ్చల్ మల్కాజ్‌గిరి అయింది.

భూమి రికార్డులు కూడా 2020లో ధరణి పోర్టల్లోకి, 2025లో భూభారతిలోకి వచ్చాయి. డేటాబేసులతో పని చేసేవాణ్ణి కాబట్టి ఒక మాట. కొత్త సాఫ్ట్‌వేర్ పాత తప్పుని చెరపదు, ఇంకా చక్కగా చూపిస్తుంది. ప్లాటు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ళకి తీసుకుని ఆగిపోతున్నారు. ఈ వలయంలో అది చాలదు. 1954-55 పహాణీ నకలు, వీలైతే సేత్వార్ కూడా తీయించండి. అందులో సర్ఫేఖాస్ అనో పాయిగా అనో కనిపిస్తే అడ్వాన్సు ఇవ్వకుండా ముందు లాయర్ దగ్గరికి వెళ్ళండి.