పోలీసు పట్టికనుండి పౌరహక్కులకు

తోరణగల్లులో రైలెక్కి తూర్పుగా పోయినచో బళ్ళారి దాటి గుంతకల్లు చేరుసరికి మరియొక రాష్ట్రమున అడుగిడుదుము. పడమరగా పోయినచో హోసపేట దాటగనే తుంగభద్ర యెదురగును. 1948 వరకు హోసపేట గట్టు మద్రాసు పాలనకును, ఆవలి గట్టు నిజాము రాజ్యమునకును చెందియుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. బళ్ళారి మైసూరులో చేరినది. మనము కదలలేదు, గీత కదలినది. అల్పసంఖ్యాకుల మాతృభాషాబోధనకై 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము మన వంటివారికి ఊతయైనది. చట్టమున ఒక జనసమూహము పేరు రక్షింపవలసిన వారి వరుసలో నున్నదా, శంకింపవలసిన వారి వరుసలో నున్నదా యను ప్రశ్న యెంత పెద్దదో మనకు వేరుగా బోధింప నక్కరలేదు.

ఈ సీమలో ఆ ప్రశ్న మనకంటె తీవ్రముగా ఎదుర్కొన్నవారు మన గడపకు వచ్చుచుండు జోగప్పలు. తలపై ఎల్లమ్మ గంపతో, చౌడికె మ్రోతతో వారు వచ్చినప్పుడు మన యిల్లాండ్రు చేటలో జొన్నలు తెచ్చి పోసి, పసుపు కుంకుమలు పుచ్చుకొందురు. ఆ జోగప్పయే మరునాడు అద్దెకొక గది యడిగినచో ఖాళీ లేదందుము. దీవెన కావలెను, ఇరుగుపొరుగు కాకూడదు. మన సాహిత్యమునకు ఈ జంకు లేదు. తిక్కన విరాటపర్వమున బృహన్నల రాజకుమార్తెకు నాట్యము నేర్పినది. విరాటుడు ఆ కొలువిచ్చుటకు వెనుదీయలేదు.

శంకను చట్టమున కెక్కించినది ఆంగ్లప్రభుత్వము. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము రెండవ భాగమున, నపుంసకులని తాము పిలిచిన వారి పేర్లకు పోలీసు పట్టిక నేర్పరచిరి. అది ఉత్తరదేశమునకు ఉద్దేశింపబడినది. నిజాము ప్రభుత్వము 1919లో, అనగా ఫసలీ 1329లో, అదే మచ్చున చట్టము చేసినది. పట్టికలో పేరున్నవారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడిపాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. అనగా జోగప్ప బ్రతుకుదెరువే అపరాధ మగునట్టి శాసన మది. నిజాము పోయినను చట్టము పోలేదు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయువరకు, నూరేండ్లకు పైగా పుస్తకములలో నిలిచియుండెను.

పాత రాజ్యముల తప్పిదమని మనము తప్పించుకొనుటకు వీలులేదు. 2011లో కర్ణాటక పోలీసు చట్టమున 36-ఎ అను సెక్షను చేర్చి, పోలీసు కమిషనరు ఇట్టి పట్టిక ఉంచుటకు అధికార మిచ్చిరి. అది హైకోర్టున సవాలు చేయబడినది. కొన్నేండ్లకు నపుంసకులను సూచించు మాటను తీసివేసి వ్యక్తులను మాట వేసిరి. ఆ రాష్ట్రమే 2021 జూలైలో తన సివిల్ సర్వీసు నియామకములందు లింగాంతరులకు నూటికొక స్థానము ప్రత్యేకించినది. పదియేండ్లలో పట్టిక ఉద్యోగపత్రముగా మారినది. ఈ మార్పునకు మూలము 2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు. తన లింగమేదో చెప్పుకొను హక్కు ఆ వ్యక్తిదే యని అది నిర్ణయించినది.

ఆ 2021వ సంవత్సరముననే మన బళ్ళారి సీమలోని కల్లుకంబములో పుట్టిన మంజమ్మ జోగతి రాష్ట్రపతి చేతులమీదుగా పద్మశ్రీ నందుకొనిరి. ఒకప్పుడు భిక్షమెత్తి బ్రతికిన ఆమె 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైరి. రాష్ట్రపతిభవనమున పురస్కార మందుకొనుటకు ముందు ఆమె చీరచెరగుతో రాష్ట్రపతికి దిష్టితీసిన దృశ్యమును దేశమంతయు చూచినది. ఆ చెరగు ధరించి వీధిలో నడచుటయే కదా తుంగభద్ర ఆవలి ప్రభుత్వము ఒకనాడు నేరమన్నది!

అయినను పని ముగియలేదు. రాజ్యాంగపు 15వ అధికరణము ప్రధానముగా ప్రభుత్వపు చేతిని కట్టును. ఇంటి యజమానిని, కర్మాగారపు గుత్తేదారును కట్టుటకు వేరుగా శాసనము కావలెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టము లింగాంతరుల విషయమున చదువు, కొలువు, వైద్యము, నివాసములందు వివక్షను నిషేధించినది. కాని పురుషుని వలచు పురుషుని, స్త్రీని వలచు స్త్రీని ఆ చట్టము స్పృశింపలేదు. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు వారిని 377వ సెక్షను భయమునుండి విడిపించినది. జైలు తప్పినది, కొలువునుండి తీసివేయుట, ఇల్లు ఖాళీ చేయించుట తప్పలేదు. 2017 నాటి మానసికారోగ్య చట్టము వైద్యము నందుమాత్రము లైంగికాభిముఖ్యమునుబట్టి భేదము చూపరాదన్నది. ఇతర రంగము లన్నిటను వారిని కాపాడు సమగ్రశాసనము కర్ణాటకమునగాని, ఆంధ్ర తెలంగాణములందుగాని ఇంకను రాలేదు.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రము 1982లోనే అట్టి శాసనము చేసినది. మన తెలుగువారనేకులు స్థిరపడిన మిచిగాన్ రాష్ట్రము, జాతిమతాదుల వివక్షను నిషేధించు తన 1976 నాటి చట్టమున 2023లో లైంగికాభిముఖ్యము, లింగగుర్తింపు అను రెండు మాటలను చేర్చినది. అచ్చటి మన బిడ్డలకు జాతివివక్షనుండి రక్షణ నిచ్చునదియు ఆ చట్టమే. ఒకే గొడుగు క్రింద తాము నిలిచి పొరుగువానిని వానలో నిలువుమనుట ధర్మ మగునా?

సంప్రదాయము చెడునని కొందరు పెద్దలు శంకింతురు. వారి శంకను మేము చులకన చేయము. కాని ఇట్టి శాసన మెవరి పూజను, ఎవరి పెండ్లిని మార్చదు. అద్దె గదిని, నెలజీతమును, పిల్లవాని చదువును కాపాడును. గత శతాబ్దపు కడపటి దశకమున తోరణగల్లునకు ఉక్కు కర్మాగారము వచ్చినది మొదలు పలు రాష్ట్రములవారు బ్రతుకుదెరువునకై ఇచ్చటికి వచ్చుచున్నారు. వారి భాష యేదని యడిగి ఇల్లిచ్చువారిని మనము మెచ్చుకొనము. గడపకు తోరణము కట్టుట వచ్చినవారిని లోనికి పిలుచుటకే. శాసనసభ తన కర్తవ్యము తాను చేయుగాక. అంతవరకు గది యడుగ వచ్చిన జోగప్పకు మన సమాధానము మన చేతిలోనే యున్నది.