గొంతుకు వెక్కిరింత, రాతకు వెక్కిరింత: టీవీ వ్యాఖ్యాత మీద విమర్శకు ఉత్తరాంధ్ర చూపిన దారి

కయ్యానికి కాలుదువ్వే సంప్రదాయవాద టీవీ వ్యాఖ్యాత అనగానే మన దేశంలో మొదట తట్టే పేరు అర్ణబ్ గోస్వామి. 2006 నుంచి టైమ్స్ నౌలోనూ, 2017 మే 6న మొదలైన రిపబ్లిక్ టీవీలోనూ ఆయన రాత్రి చర్చకు ఒక మూస పోశారు. అతిథిని పిలుస్తారు, ప్రశ్న వేస్తారు, జవాబు పూర్తికాకముందే తీర్పు చెప్పేస్తారు. జాతి మొత్తం తన నోట ప్రశ్నిస్తున్నదన్నట్టు మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఆంగ్ల చానల్ చూసేవారు తక్కువే కావచ్చు. ఆ మూస మాత్రం తెలుగు చానళ్లకూ బాగా అలవాటైంది. ఈ వ్యాసం పరిశీలించేది ఆయన రాజకీయాలను కాదు, ఆయన మీద వచ్చిన వెక్కిరింతను. దాన్ని తూచడానికి నూరేళ్ల కిందట ఇదే నేలమీద నడిచిన ఒక వాదం మంచి తూనికరాయి అవుతుందని నా వాదన.

గోస్వామిని ఎగతాళి చేసినవారిలో ఎక్కువమంది ఆయన గొంతునే పట్టుకున్నారు. 2020 జనవరి 28న ముంబయి నుంచి లక్నో వెళ్లే ఇండిగో విమానంలో హాస్యకారుడు కునాల్ కమ్రా ఆయన సీటు దగ్గర నిలబడి, పిరికివాడా పాత్రికేయుడా తేల్చమని నిలదీశారు. రిపబ్లిక్ విలేకరులు జనాన్ని ఎలా వెంటాడతారో తానూ అలాగే చేశానని తర్వాత సమర్థించుకున్నారు. ఇండిగో ఆరు నెలలు విమానం ఎక్కవద్దంది. మరికొన్ని సంస్థలూ ఆ బాటే పట్టాయి. ఇందులో తెలుగువారికి సంబంధించిన ముక్క ఒకటుంది. ఇది రోహిత్ వేముల తల్లి కోసం అని కమ్రా ఆ విమానంలోనే అన్నారు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయిన ఆ పరిశోధక విద్యార్థి కులం మీద టీవీలో జరిపిన చర్చే ఆ కోపానికి మూలం. కానీ దేశం మాట్లాడుకున్నది విమాన మర్యాద గురించి. రోహిత్ తల్లి ఊసు రెండో రోజుకే మరుగున పడింది. అదే ఏడాది రాంగోపాల్ వర్మ గోస్వామి మీద సినిమా తీస్తానని పోస్టరు విడుదల చేశారు. పేరులోనే తిట్టు పెట్టారు. తిట్టు తిట్టుగానే మిగిలింది.

అరిచేవాణ్ని అతని అరుపుతోనే వెక్కిరిస్తే వేదిక అతనిదే అవుతుంది. ఈ చిక్కు తెలుగు పత్రికలకు పుట్టుకతోనే ఉంది. కొక్కొండ వెంకటరత్నం పంతులు ఆంధ్రభాషాసంజీవనితో పూర్వాచార పక్షం వహిస్తే, కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టి ఎదుర్కొన్నారు. కొక్కొండవారు హాస్యవర్ధని తెస్తే వీరేశలింగం హాస్యసంజీవని తెచ్చారు. ఒకరి పత్రిక పేరును ఇంకొకరు వెటకారంగా వాడుకున్నారన్నమాట. చదువరికి వినోదం దక్కింది, నిజమే. ఛాందసులకు హాస్యం రాదనుకోవడం మాత్రం తప్పని ఆ జోడీ పేర్లే చెబుతున్నాయి.

విజయనగరంలో వెక్కిరింత వేరే దారి తొక్కింది. 1892లో అక్కడ మొదటిసారి ఆడిన, 1909లో గురజాడ తిరగరాసిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెస్ మీద రెండు గంటలు లెక్చరిస్తాడు. అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్ కానిస్టేబుల్ని కాంగ్రెస్‌వాళ్లు ఎప్పుడు బదిలీ చేస్తారని అడుగుతాడు. ఈ సంగతి చెప్పుకుని విసుక్కునేది గిరీశమే. గిరీశం సంప్రదాయవాది కాదు, సంస్కర్త వేషగాడు. అయినా వాగ్ధాటిని వెక్కిరించే కీలు ఇక్కడ దొరుకుతుంది. బండివాడు ఉపన్యాసకుణ్ని అనుకరించడు, ఎదురు తిట్టడు. తన ఊరి సంగతి అడుగుతాడు, అంతే. రెండు గంటల గాలి ఒక్క ప్రశ్నతో దిగిపోతుంది. శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆరు సారా కథల్లో ఈ కీలునే ఇంకా బిగించారు. ‘మాయ’ కథలో సారా కేసులో ఇరుక్కున్న ఆడమనిషి కుర్ర వకీలుకు కోర్టు ఎలా నడుస్తుందో తన యాసలో విడమరుస్తుంది. చదువుకున్నవాడు వినాల్సి వస్తుంది. సినిమాలూ టీవీలూ ఉత్తరాంధ్ర యాసను నవ్వు పుట్టించే పనివాళ్ల నోట పెట్టి వాడుకున్న తీరుకు ఇది పూర్తిగా తిరగబడ్డ అమరిక.

అయితే అసలు పరీక్ష, రాతలో వాడుకభాష ఉండాలని వాదించిన గిడుగు వెంకట రామమూర్తిది. 1863లో శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి, ముఖలింగం గుడి శాసనాలు చూసి చదవడం తనంత తానే నేర్చుకున్న మనిషి. ఎదుటి పక్షంలో జయంతి రామయ్య పంతులు. 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు వెన్నెముక, గ్రాంథికభాషకు రాజీలేని రక్షకుడు. ఆయన తేలికపాటి వ్యక్తి కాదు. శాసనపద్యమంజరి కూర్చినవాడు, రాళ్లమీది తెలుగు గిడుగువారికి ఎంత తెలుసో ఆయనకూ అంత తెలుసు. 1913లో ఇద్దరూ ఆంగ్లంలో గ్రంథాలు అచ్చువేసి తలపడ్డారు. 1914లో గురజాడ వాడుకభాష పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. విశ్వవిద్యాలయంలో అప్పటికి గెలిచింది గ్రాంథికవాదులే.

ఓడిన గిడుగు చేసిన పని గమనించదగ్గది. సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగినప్పుడు జ్వరాలు, వాటికి వాడిన క్వినైను ఆయన వినికిడిని తినేశాయి. ఎదుటివాడి గొంతు సరిగా వినపడని మనిషి గొంతును ఏం వెక్కిరిస్తాడు? కారణం అదేనని రుజువు చేయలేను గాని, ఆయన ఎగతాళి అంతా అచ్చుకాగితం మీదే నడిచింది. వ్యాకరణం తప్పితే భాష చెడుతుందని గర్జించే పండితుల పుస్తకాలే తెరిచి, వాళ్లు ఏ సూత్రాన్ని ఎక్కడ తప్పారో వరసపెట్టి చూపారు. 1933లో వచ్చిన గద్యచింతామణి అలాంటి చిట్టాయే. 1925లో తణుకు సభలో ఇదే సరంజామాతో నాలుగు గంటలు మాట్లాడారని చెబుతారు. తిట్టు లేదు, అనుకరణ లేదు. నవ్వంతా ఉదాహరణలోనే ఉంది. ప్రతిపక్షికి మిగిలేవి రెండే దారులు: ఆ వాక్యం తనది కాదనాలి, లేదా ఆ సూత్రం అక్కర్లేదనాలి.

టీవీ వ్యాఖ్యాతకు ఈ ఇబ్బంది లేదు. అతని మాట గాలిలో పోతుంది. మర్నాటికి మిగిలేది ముప్పై సెకన్ల క్లిప్పు, అందులోనూ అరుపే. క్లిప్పును పంచుకుని నవ్వేవాడు తెలియకుండానే ఆ అరుపుకు ప్రచారం చేస్తున్నాడు. గిడుగు పద్ధతికి దగ్గరగా వచ్చిన పని ఒకటి లండన్‌లో జరిగింది. 2019 సెప్టెంబరు 6న రిపబ్లిక్ భారత్‌లో చంద్రయాన్-2 గురించి గోస్వామి నడిపిన కార్యక్రమాన్ని బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పరిశీలించింది. పాకిస్తానీయుల గురించి అందులో ఎవరు ఏమన్నారో అనువదించి మాటకు మాట కాగితం మీద పెట్టింది. 2020 డిసెంబరులో, అక్కడ ఆ చానల్ అనుమతి ఉన్న సంస్థకు 20,000 పౌండ్ల జరిమానా వేసింది. ఆ నివేదికలో హాస్యం అణుమాత్రమైనా లేదు. అయినా గావుకేకను అచ్చు అక్షరాల్లో చదువుతుంటే ఏ హాస్యకారుడూ చేయలేనంతగా అది తేలిపోతుంది.

తెలుగు చర్చల మీద ఇలాంటి పని జరగవలసి ఉంది. విజయనగరం, శ్రీకాకుళం కళాశాలల తెలుగు శాఖల్లో పరిశోధక విద్యార్థులు ఒక నెల చర్చలను ఉన్నదున్నట్టు రాతలోకి దించవచ్చు. ఎవరు ఎవరి మాటకు అడ్డొచ్చారు, వాక్యం ఎక్కడ తెగింది, ఏ ప్రశ్నకు జవాబు చెప్పనివ్వలేదు అన్నవి గుర్తులతో సహా రాయాలి. అన్ని పార్టీల చానళ్లకూ ఒకే కొలత వాడాలి. నచ్చని చానల్ వ్యాఖ్యాతను మాత్రమే ఎంచుకుంటే అది మళ్లీ హాస్యవర్ధని, హాస్యసంజీవనిల వరసలోకే పోతుంది. వంశధార ముంపు గురించో, ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించో ఆ నెలలో ఎవరైనా ఎన్ని నిమిషాలు మాట్లాడారన్నది కూడా అదే కాగితంలో ఒక గడిగా ఉండాలి. బండివాడు హెడ్ కానిస్టేబుల్ సంగతి అడిగింది ఇలాంటి గడి నింపడానికే.