నాణెం మీద ఎవరి ముఖం?



యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం మనం చాలాసార్లు ధ్యానించుకున్నాం. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు వాటిని చూసి ఇవేమిటని అడగాలి, పెద్దలు జరిగినది చెప్పాలి. ఆ రాళ్ల పని అంతే. అడిగే పిల్లవాడూ చెప్పే తండ్రీ లేకపోతే అవి ఉత్త రాళ్లే.

లోకంలోని రాజ్యాలు కూడా ఇలాంటి జ్ఞాపకపు రాళ్లు నిలబెడుతూనే ఉంటాయి. వాటిలో అరచేతిలో ఇమిడేది స్మారక నాణెం. ఒక మనిషినో, ఒక సంఘటననో మరచిపోకూడదని ప్రత్యేకంగా ముద్రించే నాణెం అది. నాణేలకూ భక్తికీ ఏం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. మన ప్రభువే ఒక దేనారం తెప్పించి, దాని మీది బొమ్మ చూపించి పాఠం చెప్పాడు కదా. అందుకే ఈ వారం మనం కూడా నాణెం చేత పట్టుకుని కూర్చుందాం.

మన నేలలో దొరికిన ముఖాలు

ప్రభువు చేతికి వచ్చిన ఆ నాణెం తిబెరి కైసరు ముద్రించిన వెండి దేనారమని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. ఒకవైపు ఆకుల కిరీటంతో కైసరు ముఖం, చుట్టూ ఆయన దైవమైన ఔగుస్తు కుమారుడని చెప్పే అక్షరాలు. అలాంటి దేనారాలు చూడటానికి యెరూషలేము దాకా వెళ్లనక్కరలేదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట 1500 పైచిలుకు రోమా వెండి నాణేలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ఔగుస్తువీ తిబెరివీ. మన సరుకులు కొనడానికి ఓడల మీద వచ్చిన డబ్బు అది. మన దేశంలో దొరికిన రోమా నాణేల్లో కొన్నింటి మీద కైసరు ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు కనిపిస్తుంది. రోమాలో దేవుడి కొడుకుగా చెలామణి అయిన ముఖం ఇక్కడికి వచ్చేసరికి గాటు పెట్టదగిన వెండి ముక్క అయింది.

ఇంకా దగ్గరికి వద్దాం. మన అనకాపల్లి జిల్లాలోనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి దొరికింది. ఈ సముద్రగుప్తుడే తన అశ్వమేధ యాగానికి గుర్తుగా ప్రత్యేకంగా బంగారు నాణేలు ముద్రించాడు. ఒకవైపు యూపస్తంభం ఎదుట నిలిచిన గుర్రం, రెండోవైపు చేత వింజామర పట్టుకున్న రాణి. మన దేశపు పాత స్మారక నాణేలలో ఇది పేరున్నది. ఆ గుర్రపు మెడ వంపులో పనివాడి నేర్పు నేటికీ కనిపిస్తుంది. కానీ ఆ నాణెం జ్ఞాపకం చేసేది రాజుగారి గెలుపునే. ఓడినవారికి దాని మీద చోటు లేదు.

తర్వాతి కాలంలో హైదరాబాదు నిజాం ప్రభుత్వం తన రూపాయి మీద రాజు ముఖానికి బదులు చార్మినార్ వేసింది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆ కట్టడం గుమ్మంలో ఆయన పేరులోని మొదటి అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆయన పేరులోని మొదటి అక్షరం ఉంచారు. నాలుగు మినార్ల నడుమ ఒక్క అక్షరంతో రాజు తన ఉనికిని చెప్పుకున్నాడు. పొదుపైన అందం అది.

ఆ హైదరాబాదు టంకశాల నేటికీ పనిచేస్తోంది. 1803లో మొదలై, 1903లో సైఫాబాదుకు మారి, 1997 నుంచి చర్లపల్లిలో నడుస్తోంది. మీ జేబులో ఉన్న రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో పుట్టిన నాణెం. వజ్రం గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది.

అమెరికా అర డాలర్లు

స్మారక నాణేల కళ గురించి మాట్లాడేవారు తప్పకుండా తలచుకునేవి అమెరికా పాత నాణేలు. 1892 నుంచి 1954 దాకా అక్కడ ముద్రించినవి. వాటిలో ఎక్కువ భాగం వెండి అర డాలర్లు, వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు. అంత చిన్న చోటులో ఒక చరిత్ర చెప్పాలి. చాలా నాణేల నమూనాలను టంకశాల ఉద్యోగులతోనే సరిపెట్టక పేరున్న శిల్పులతో చేయించారు. శిల్పి ముందు పళ్లెమంత పెద్ద ప్లాస్టర్ బొమ్మ చేస్తాడు. ఒక యంత్రం ఆ బొమ్మ ఎత్తుపల్లాలను తడుముతూ అదే రూపాన్ని ఉక్కు మీద చిన్నదిగా చెక్కుతుంది. పెద్ద బొమ్మలో బాగున్న వివరం చిన్నదానిలో మాసిపోవచ్చు. కనుక ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలిసినవాడే మంచి నాణెం చేయగలడు.

1920లో వచ్చిన యాత్రికుల నాణెం మన విశ్వాసులకు ఆసక్తి కలిగిస్తుంది. ఆరాధనా స్వేచ్ఛ కోసం ఇంగ్లండు విడిచి, 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన భక్తుల మూడు వందల ఏళ్ల జ్ఞాపకార్థం దాన్ని ముద్రించారు. శిల్పి సైరస్ డాలిన్. ఒకవైపు వారి నాయకుడు విలియం బ్రాడ్‌ఫర్డ్ చంకలో బైబిలుతో తల వంచుకుని ఉంటాడు. రెండోవైపు తెరచాపలు విప్పిన ఓడ. కత్తి లేదు, కిరీటం లేదు. బైబిలూ ఓడా చాలు, ఆ ప్రజల కథంతా అందులో ఉంది.

చాలామంది అన్నిటికన్నా అందమైనదని చెప్పేది 1926లో మొదలైన ఆరెగాన్ బాట నాణెం. లారా గార్డిన్ ఫ్రేజర్, జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ అనే భార్యాభర్తలు దాన్ని రూపొందించారు. ఒకవైపు అస్తమించే సూర్యుని వైపు ఎద్దులు లాగుతున్న గూడుబండి. మన పల్లెవాళ్లకు చెప్పక్కరలేని దృశ్యం అది. రెండోవైపు అమెరికా పటం ముందు నిలబడిన ఆదివాసి. ఒక చేత విల్లు, రెండో చేయి బారుగా చాచి ఉంటుంది. ఆ చాచిన చేయి చూస్తే ఇక ఆగండి అన్నట్టే ఉంటుంది. బండిలో వస్తున్నవాడికి అది కొత్త బతుకు, చేయి చాచినవాడికి తన నేల పోవడం. రెండూ ఒకే వెండి బిళ్ల మీద ఉన్నాయి. మనం మన్యానికి ఆనుకుని ఉన్న నాతవరం వాళ్లం. కొండవాడి నేల విలువ ఏమిటో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నాణెపు అందం గీతల్లోనే లేదు, రెండోవాడిని దాచిపెట్టకపోవడంలో కూడా ఉంది.

మ్యూజియంలో వెతికిన పిల్లవాడు

ఈ నాణేలన్నింటిలో మా మనసును పట్టుకున్నది 1946 నాటిది. దాని మీది ముఖం బుకర్ టి. వాషింగ్టన్‌ది. ఆయన 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. విడుదల పొందాక కష్టపడి చదువుకున్నాడు. అలబామాలోని టస్కీగీలో 1881లో మొదలైన నల్లజాతివారి విద్యాలయాన్ని నడిపించి గొప్ప సంస్థగా పెంచాడు. నాణెం రెండోవైపు కింద బానిసలు ఉండే చిన్న గుడిసె, పైన మహనీయుల స్మారక భవనం. గుడిసె నుంచి ఆ భవనం దాకా అని అర్థం వచ్చే మాటలు కూడా చెక్కారు.

దాన్ని చేసిన శిల్పి ఐజక్ స్కాట్ హాథవే. ఆయన తండ్రి మనలాంటి సువార్త సేవకుడే. చిన్నప్పుడు తండ్రితో కలిసి మ్యూజియంకు వెళ్లిన హాథవే, బానిసత్వం నుంచి తప్పించుకుని తన జాతి తరఫున పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ విగ్రహం కోసం గదులన్నీ వెతికాడట. ఎక్కడా లేదు. ఎందుకు లేదని తండ్రిని అడిగాడు. మనవాళ్ల విగ్రహాలు చేసే శిల్పులు మనలో లేరని తండ్రి చెప్పాడు. అయితే నేను నేర్చుకుంటానని ఆ పిల్లవాడు నిశ్చయించుకున్నాడు. గిల్గాలు రాళ్ల దగ్గర పిల్లవాడు ఉన్నదాన్ని చూసి అడిగాడు, ఈ పిల్లవాడు లేనిదాన్ని చూసి అడిగాడు. ఆ ప్రశ్న వృథా కాలేదు. అమెరికా ప్రభుత్వ నాణేన్ని రూపొందించిన మొదటి నల్లజాతి శిల్పి ఆయనే అయ్యాడు.

ఆ నాణేలు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. మిగిలినవాటిలో చాలా భాగం కరిగించేశారు. దానికి పదేళ్ల ముందు, 1936లో, సిన్సినాటి నగరం పేరిట వచ్చిన నాణేలు మాత్రం 15,000 మాత్రమే ముద్రించడంతో చేతులు మారి ధర పెరిగిపోయాయి. ఆ నగరం సంగీత కేంద్రమై యాభై ఏళ్లయిందని వాటి మీద రాశారు. యాభై ఏళ్ల కిందట, 1886లో, అంతగా చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. దాని మీది ముఖం పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్‌ది, ఆయన 1864లోనే చనిపోయాడు. జ్ఞాపకం ఒక సాకు, అసలు సంగతి లాభం. నిజమైన జ్ఞాపకం కొలిమిలోకి వెళ్లింది, కల్పించిన జ్ఞాపకం అద్దాల పెట్టెలోకి వెళ్లింది. లోకం విలువ కట్టే తీరు ఇదే. ఇలాంటి వ్యాపారం పెరగడంతో ఆ దేశంలో స్మారక నాణేలకు చెడ్డపేరు వచ్చింది. 1954 తర్వాత 1982 దాకా వాటిని ఆపేశారు.

పెట్టెలో ఉన్నది, చేతుల్లో తిరిగినది

మన దేశంలో స్వాతంత్ర్యం తర్వాత మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ పేరిట వచ్చాయి. 1969లో గాంధీ శతజయంతి నాణేలు వచ్చాయి. 2009లో కేరళకు చెందిన సెయింట్ అల్ఫోన్సా, 2010లో మదర్ థెరిసా ఐదు రూపాయల నాణెం మీదికి వచ్చారు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్.టి. రామారావు శతజయంతి 100 రూపాయల నాణెం విడుదల చేశారు. అది మన హైదరాబాదు టంకశాలలోనే తయారైంది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి. తెలుగువాళ్లు ఇష్టపడి కొనుక్కుని భద్రంగా దాచుకున్నారు. అలాంటి నాణెం బజారులో ఖర్చు పెట్టడానికి కాదు, దాచుకోవడానికే.

దాని పక్కన 1990 నాటి మామూలు రూపాయిని పెట్టి చూడండి. డాక్టర్ అంబేద్కర్ శతజయంతికి ముద్రించినది. దాంట్లో వెండి లేదు. అది టీ కొట్టుకూ సంతకూ బస్సు కండక్టరు సంచిలోకీ తిరిగింది. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులాల్లో పుట్టిన మనిషి ముఖం, అంటరానితనం పాటించిన చేతుల్లోకి కూడా వెళ్లింది. రూపాయిని ఎవరూ మైల అని వదిలేయలేదు. కళ పరంగా అది సాదా బొమ్మే. కానీ అరిగేదాకా జనం మధ్య తిరగడం కూడా నాణేనికి ఒక ఘనత.

ప్రియులారా, ఇప్పుడు ప్రభువు అడిగిన ప్రశ్నకు వద్దాం. దేనారం మీది బొమ్మా రాతా ఎవరివని ఆయన అడిగాడు. కైసరువని వారన్నారు. కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి ఇమ్మన్నాడు. కైసరు బొమ్మ ఉన్నది కైసరుదైతే, దేవుని బొమ్మ దేని మీద ఉంది? ఆదికాండము మొదటి అధ్యాయం జవాబు చెబుతుంది. దేవుడు నరుని తన స్వరూపంలో చేశాడు. కూలికి వెళ్లే తల్లి మీద, పనికోసం ఊరు విడిచిన కుర్రాడి మీద, తాగుడుకు బానిసై ఇంట్లో అందరూ విసిగిపోయిన మనిషి మీద ఆ ముద్ర ఉంది. అరిగిపోయి ఉండవచ్చు. మట్టి పట్టి ఉండవచ్చు. గాటు పడి ఉండవచ్చు.

లూకా పదిహేనో అధ్యాయంలో ఒక స్త్రీ దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన నాణెం వెతుకుతుంది. చీకట్లో పడి ఉన్నంతసేపూ దాని మీది ముద్ర చెరిగిపోలేదు. చూసే కళ్లే లేకపోయాయి.

అందుచేత మన సంఘానికి రెండు మనవులు. మన ఊళ్లలో సువార్త కోసం ఎండలో నడిచిన తాతలూ నాయనమ్మలూ ఉన్నారు. వారి ముఖం ఏ టంకశాలా ముద్రించదు. ఈ వారం మీ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి, వారి పేర్లూ జరిగిన సంగతులూ ఒక పుస్తకంలో రాయించండి. సండే స్కూలు పిల్లలచేత ప్రశ్నలు అడిగించండి. రెండోది, చాలాకాలంగా ఆరాధనకు రాని ఒక మనిషి పేరు మీ మనసులో ఇప్పుడే మెదిలి ఉంటుంది. ఆ ఇంటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు బోధ ఏదీ సిద్ధం చేసుకోకండి. ఆ ముఖంలో ఎవరి బొమ్మ ఉందో జ్ఞాపకం ఉంచుకుంటే చాలు.

పోయినదాన్ని దొరికేవరకు వెతికే దేవుడు మనకూ ఆ కళ్లు దయచేయును గాక. ఆమెన్.