తేలికదనమా? సామర్థ్యమా? — ల్యాప్‌టాప్ చరిత్రలో ఒక పాత చిక్కు

ప్రయాణమునకు బయలుదేరువాడు మూట తేలికగా నుండవలెనని కోరును. గమ్యము చేరిన పిదప కావలసిన వస్తువులన్నియు అందులోనే యుండవలెననియు కోరును. ఈ రెండు కోరికలకు పొత్తు కుదురుట కష్టము. ల్యాప్‌టాప్ అను కంప్యూటరు చరిత్ర యంతయు ఈ రెండింటి పెనుగులాటయే. రచయితకు, చిత్రకారునకు, ఛాయాచిత్రకారునకు, సినిమా కూర్పు చేయువానికి ఏ యంత్రము తగును? ఈ ప్రశ్న నేడు ప్రతి దుకాణములోను వినబడుచున్నది. దీని వెనుక అర్ధశతాబ్దపు అనుభవమును, కొన్ని భౌతికశాస్త్ర నియమములును కలవు.

ఊహ నుండి యంత్రమునకు

1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలన్ కే, పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రములో పనిచేయుచు, 'డైనాబుక్' అను యంత్రమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అది నోటుపుస్తకమంత యుండవలెను. దాని బరువు 4 పౌనులకు, అనగా సుమారు 1.8 కిలోగ్రాములకు మించరాదు. పిల్లలు దానితో చదువుకొనుటయే గాక బొమ్మలు గీయుటకును వీలుండవలెను. ఆనాటి పరికరములతో అట్టి యంత్రమును నిర్మించుట అసాధ్యము. కాని ఎంత బరువైనచో మనిషి సుఖముగా మోయగలడో ఆ వ్యాసము ముందే చెప్పినది.

1981లో ఆస్బోర్న్-1 వెలువడినది. దీనిని అమ్మిన ఆడమ్ ఆస్బోర్న్ బాంకాక్‌లో పుట్టి, బాల్యమును తమిళదేశములోని తిరువణ్ణామలైలో గడిపినవాడు. యంత్రమునకు రూపకల్పన చేసినవాడు లీ ఫెల్సెన్‌స్టైన్. ధర 1,795 డాలర్లు. బరువు 11 కిలోగ్రాములు. పెట్టెలో పెట్టిన కుట్టుమిషను వలె దానిని చేతబట్టి మోయవలసి యుండెను. తెర 5 అంగుళములు మాత్రమే. గోడలోని విద్యుత్తు లేనిదే సామాన్యముగా అది పనిచేయదు. అయినను వ్రాతపనికి, లెక్కలకు కావలసిన ప్రోగ్రాములు దానితోనే లభించుటచే ఎందరో దానిని కొనిరి. 1983లో ఆ సంస్థ దివాలా తీసినది.

సరిగా అదే సంవత్సరమున టాండీ సంస్థ 'మోడల్ 100' అను యంత్రమును అమ్మకమునకు పెట్టినది. దానిని తయారుచేసినది జపానులోని క్యోసెరా సంస్థ. బరువు ఒకటిన్నర కిలోగ్రాములకు లోపే. తెరపై 8 పంక్తులు, పంక్తికి 40 అక్షరములు మాత్రమే కనబడును. కాని టార్చిలైటులో వేయునట్టి నాలుగు చిన్న సెల్లులతో అది ఇంచుమించు 20 గంటలు పనిచేసెడిది. అమెరికా పత్రికా విలేఖరులు దీనిని మిక్కిలి ఆదరించిరి. వార్తను ఎక్కడనో కూర్చుండి వ్రాసి, టెలిఫోను తీగద్వారా కార్యాలయమునకు పంపుటకు వీలుండెను. పటములతో పనిలేని రచయితకు అంతకుమించిన శక్తి అక్కరలేదని మోడల్ 100 నిరూపించినది.

ఒకే దినమున రెండు దారులు

1989లో ఆపిల్ సంస్థ 'మెకింతోష్ పోర్టబుల్' యంత్రమును తెచ్చినది. మంచి తెర, సీసము-ఆమ్లము బ్యాటరీ కలిగిన ఈ యంత్రము 7.2 కిలోగ్రాములు తూగినది. రెండేండ్లకు, 1991 అక్టోబరులో, అదే సంస్థ 'పవర్‌బుక్' యంత్రములను ఒకేసారి విడుదల చేసినది. వానిలో పవర్‌బుక్ 100 బరువు 2.3 కిలోగ్రాములు. బరువు తగ్గించుటకై దాని నుండి ఫ్లాపీ డ్రైవును తొలగించి విడిగా ఇచ్చిరి. పవర్‌బుక్ 170 బరువు 3.1 కిలోగ్రాములు, దీని ప్రాసెసరు వేగవంతమైనది, తెర మేలైనది, ధర చాల హెచ్చు. తేలికదనమో, సామర్థ్యమో తేల్చుకొను భారము ఇట్లు కొనువానిపై పడినది.

అదే 1991లో జపానులోని సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని మొదటిసారిగా అమ్మకమునకు తెచ్చినది. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచు ఈ బ్యాటరీ ల్యాప్‌టాప్ రూపమునే మార్చివేసినది. దీనికి పునాది వేసిన గుడ్ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

చిక్కు ఎక్కడ నున్నది?

ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు స్విచ్చులవలె పనిచేయును. స్విచ్చి మారిన ప్రతిసారియు కొంత విద్యుచ్ఛక్తి ఉష్ణముగా మారును. ఇట్లు వ్యయమగు సామర్థ్యము పౌనఃపున్యమునకును, వోల్టేజి యొక్క వర్గమునకును అనులోమానుపాతములో నుండును. వేగము పెంచవలెనన్నచో సాధారణముగా వోల్టేజిని గూడ పెంచవలయును. రెండును రెట్టింపైనచో వ్యయము 2 × 2 × 2, అనగా ఎనిమిది రెట్లగును. వేగము రెట్టింపగుటకు మూల్యము ఇంత!

50 వాట్-గంటల బ్యాటరీని తీసికొందము. యంత్రము 10 వాట్లు వాడినచో అది 5 గంటలు వచ్చును. 50 వాట్లు వాడినచో ఒక గంటయే. పెద్ద బ్యాటరీ పెట్టినచో బరువు పెరుగును. అదియును గాక, 100 వాట్-గంటలకు మించిన బ్యాటరీని సంస్థ అనుమతి లేనిదే విమాన ప్రయాణికులు తీసికొనిపోరాదు. పుట్టిన ఉష్ణమును బయటికి పంపుటకు రాగిగొట్టములు, పంకాలు, గాలి ఆడుటకు చోటు కావలెను. పలుచని పెట్టెలో వీనికి తావు తక్కువ. వేడి మితిమీరినపుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును.

2008 జనవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులో నుండి 'మాక్‌బుక్ ఎయిర్'ను తీసి సభకు చూపెను. బరువు 1.36 కిలోగ్రాములు. ఆలన్ కే పెట్టిన హద్దుకు అది లోబడినది. కాని దాని మెమరీని పెంచుటకు వీలులేదు, డిస్కు నెమ్మది. 2020 నవంబరులో అదే సంస్థ ఎం1 అను ఒకే చిప్పును రెండు యంత్రములలో అమర్చినది. ఎయిర్‌లో పంకా లేదు. 13 అంగుళముల మాక్‌బుక్ ప్రోలో కలదు. కొద్ది నిమిషములలో ముగియు పనులలో రెండును ఇంచుమించు సమానము. దీర్ఘకాలపు పనిలో మాత్రము ఎయిర్ వేగము తగ్గును, ప్రో నిలకడగా సాగును. ఉష్ణమును గూర్చి పైన చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ప్రయోగము దొరకదు.

పనిని తూచవలయును

1991లోనే వెలువడిన యూనికోడ్ తొలి రూపములో తెలుగు లిపికి స్థానము లభించినది. నేడు సర్వసామాన్యమగు పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. పుటకు 2,000 సంకేతముల చొప్పున 500 పుటల నవల 30 లక్షల బైట్లలో ఇమిడిపోవును. ఇక 4కె సినిమాలో ఒక్క చిత్రమును చూడుడు. అందు 3840 × 2160, అనగా సుమారు 83 లక్షల బిందువులు గలవు. బిందువునకు 3 బైట్ల చొప్పున, కుదింపని చిత్రమునకు 2.5 కోట్ల బైట్లు. అనగా ఒక్క చిత్రము ఎనిమిది నవలల పెట్టు! సెకనుకు అట్టి చిత్రములు 24. కుదించి దాచినను, కూర్పు చేయునపుడు ప్రాసెసరు వానిని విప్పి చూపవలసినదే.

కాబట్టి రచయిత, ఉపాధ్యాయుడు తేలిక యంత్రమునే నిశ్చింతగా ఎన్నుకొనవచ్చును. వారికి మంచి మీటలు, నిలిచియుండు బ్యాటరీ ముఖ్యము. ఛాయాచిత్రములు దిద్దువారు తెరను, మెమరీని చూడవలయును. గంటలకొలది సినిమా కూర్పు, కదలు బొమ్మల తయారీ చేయువారికి ఉష్ణమును తరుము ఏర్పాటు గల బరువైన యంత్రము తప్పదు. రోజును ఏ పనితో గడుపుదుమో తేల్చుకొనక, ఏడాదికొకసారి వచ్చు పనికై రెండు కిలోగ్రాములను నిత్యము మోయువారును, తేలికకు ఆశపడి ప్రతిదినము యంత్రము ముందు వేచి కూర్చుండువారును సమానముగా నష్టపోవుదురు. విద్యార్థి తన పనిని ముందు తూచుకొని, ఆ తరువాతనే యంత్రమును తూచుట మేలు.