ముషానొకోజి సనెఅత్సు: రచన నుంచి ఊరి నిర్మాణం దాకా

నవల, నాటకం, కవిత్వం మూడింటా కృషి చేసిన జపాను రచయిత ముషానొకోజి సనెఅత్సు 1885లో టోక్యోలోని ఒక కులీన కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, కులీనుల పిల్లలు చదివే గకుషూయిన్ విద్యాలయంలో ఉండగా టాల్‌స్టాయ్ రచనల ప్రభావానికి లోనై, శ్రామికుల కష్టం మీద బతికే తన వర్గపు జీవితం న్యాయమేనా అని మథనపడ్డారు. ఆయన తరువాతి కృషికంతటికీ ఈ మథనమే మూలం.

1910 ఏప్రిల్‌లో షిగా నవొయ మొదలైన మిత్రులతో కలిసి ఆయన ‘షిరకబ’ పత్రికను ప్రారంభించారు. మనిషిని వంశపారంపర్యానికీ పరిసరాలకూ బందీగా చూపే సహజవాదం సాహిత్యంలో బలంగా ఉన్న ఆ రోజుల్లో, వ్యక్తి తన శక్తులను సంపూర్ణంగా వికసింపజేసుకోవడమే మానవాళికి సేవ అని ఈ బృందం వాదించింది. పాశ్చాత్య కళలను పరిచయం చేయడంలోనూ ముందు నిలిచిన ఈ పత్రిక శిల్పి రోడాన్‌పై ప్రత్యేక సంచిక వెలువరించింది. చెక్క అచ్చులతో ముద్రించే ‘ఉకియోఎ’ చిత్రాలను బృందం ఆయనకు కానుకగా పంపగా, ఆయన మూడు చిన్న కంచు శిల్పాలను బదులు పంపారు. యుద్ధంలో చూపు కోల్పోయిన చిత్రకారుడినీ, అతని కోసం త్యాగానికి సిద్ధపడే చెల్లెలినీ చిత్రించిన ముషానొకోజి నాటకం 1915లోనూ, ప్రేమ వల్ల నలిగిన స్నేహాన్ని చెప్పిన ‘యూజో’ నవల 1919లోనూ వెలువడ్డాయి.

అయితే ఆయన ఆశయానికి అసలు పరీక్ష పుస్తకాల్లో కాక పొలాల్లో జరిగింది. 1918లో క్యూషూ దీవిలోని మియజకి ప్రాంతపు కొండల నడుమ ఆయన ‘అతరషికి మురా’ అనే కొత్త ఊరిని నెలకొల్పారు. అక్కడ అందరూ నిర్ణీత వేళల్లో సాగు పనులు చేసి, మిగిలిన సమయాన్ని చదువుకూ కళకూ వెచ్చించాలని, ఒకరిపై మరొకరి పెత్తనం ఉండరాదని నియమం. బయట ఉండి చందాలతో ఆదుకునే సభ్యులూ ఉండేవారు. ఈ ప్రయత్నం విఫలమవుతుందని సహరచయిత అరిషిమా తకెఓ హెచ్చరిస్తూనే దాని వెనుకనున్న నిజాయితీని గౌరవించారు. ఆ అరిషిమాయే 1922లో హొక్కైదోలోని తన భూమిని కౌలుదార్లకు అప్పగించారు. ఆనకట్ట నిర్మాణంతో అతరషికి మురా పొలాలు కొంత మునిగిపోగా, 1939లో టోక్యోకు చేరువలోని సైతమ ప్రాంతంలో రెండో ఊరు వెలిసింది.

తొలినాళ్లలో యుద్ధాన్ని వ్యతిరేకించిన ముషానొకోజి రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను దండయాత్రను సమర్థిస్తూ రాశారు. అందుకు ఫలితంగా యుద్ధానంతరం ప్రజాపదవులకు అనర్హులయ్యారు. 1951లో ప్రభుత్వం ఆయనకు సంస్కృతి పురస్కారం ప్రదానం చేసింది; గుమ్మడికాయలు, దుంపలు వంటి కూరగాయల బొమ్మలు గీసి, పక్కన కొద్ది మాటలు రాసిన ఆయన చిత్రాలు ఇంటింటా ఆదరణ పొందాయి. 1976లో మరణించిన ఈ రచయిత జీవితం, మనిషి మంచితనంపై నమ్మకం ఎంతటి నిర్మాణానికి ప్రేరణ కాగలదో, రాజ్యాధికారాన్ని విమర్శించే చూపు కొరవడితే ఆ నమ్మకమే ఎంత సులువుగా దారితప్పుతుందో ఒకేసారి నిరూపిస్తుంది.