ఆ బోర్డు చదవాల్సింది ఎవరు?

సెలవులకు వచ్చిన మా తమ్ముడి కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని నార్మండీలో యుద్ధం చేస్తున్నాడు. 1944 వేసవి, వాడిది అమెరికా పక్షం. ఇంజనీర్ల దళాన్ని పంపి దారికి అడ్డంగా మందుపాతరలు పెట్టించాడు. పని కాగానే అక్కడ చిన్న చెక్క బోర్డు లేచింది. పుర్రె బొమ్మ, కింద జర్మన్‌లో "అఖ్టుంగ్ మీనెన్". జాగ్రత్త, మందుపాతరలు అని.

"పెదనాన్నా, పెట్టింది మనం కదా! బోర్డు జర్మన్ వాళ్ల భాషలో ఎందుకుంది?"

ఇలాంటి ఆటల్లో ఈ తిరకాసు కొత్తది కాదు, నేనూ పాతికేళ్ల కిందట చూసి ఊరుకున్నాను. వాడు అడిగాక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదట తట్టేది బద్ధకం. ఒక బొమ్మ గీసి అన్ని పక్షాలకూ అదే అంటించారని. వాణ్ణి జర్మన్ పక్షానికి మారమన్నాను. అదే బోర్డు. కానీ ఆ ఆటలో లారీల మీద రాతలు, టోపీలు, చివరికి సైనికుల కేకలు కూడా పక్షాన్ని బట్టి మారుతున్నాయి. అంత ఓపిక ఉన్నవాళ్లకు ఒక చెక్కముక్క బరువైందా? నమ్మలేదు.

పోనీ, అది జర్మన్లు వదిలిపోయిన పాత పాతరల చోటేమో? అదీ కాదు. పాతింది వీడి మనుషులే, ఖర్చు వీడి ఖాతాలోంచే పోయింది.

అప్పుడు ప్రశ్ననే తిరగేశాను. అసలు మందుపాతరలకు బోర్డెందుకు? మన పత్రికల్లో మందుపాతర అనగానే అడవి దారి, కల్వర్టు గుర్తొస్తాయి. అక్కడ బోర్డులుండవు. దాచిపెట్టిన దానికి పేరు రాసి చూపించడమేమిటి? చూపించేది శత్రువుకు కాదు, సొంతవాళ్లకు. రాత్రిపూట వెనక్కి వచ్చే గస్తీ దళం, రేపు ఆ చోటికి బదిలీ మీద వచ్చే కొత్త బెటాలియన్, వీళ్లు తమ పాతర మీదే తాము కాలు పెట్టకూడదు.

ఇక్కడ జర్మన్లు ఎంత దూరం ఆలోచించారో చూడండి. వాళ్ల పద్ధతులను అమెరికా సైన్యం 1945లో ఒక హ్యాండ్‌బుక్‌గా అచ్చేసింది. అందులో బోర్డుల సంగతీ ఉంది. అక్షరాలు నిటారుగా ఉంటే ట్యాంకుల కోసం పెట్టినవి. పక్కకు వాలి ఉంటే మనుషుల కోసం పెట్టినవి. వంకరలు తిరిగి ఉంటే అదంతా ఉత్తుత్తి, లోపల ఏమీ లేదు. మాట ఒక్కటే, మీనెన్. దాని నడుము ఎటు వంగిందో తెలిసినవాడికే అసలు సంగతి తెలుస్తుంది. ఎదుటివాడు జర్మన్ చదవగలిగినా వాడికి చిక్కేది సగమే. అంత ముచ్చటైన దస్తూరి శాస్త్రం ఇంకెక్కడా చూడలేదు నేను.

సోవియట్ సైనికులదీ అదే లెక్క. వియన్నా వీధుల్లో గోడల మీద "తనిఖీ అయింది" అని రాసుకుంటూ పోయారు. ఊరు ఆస్ట్రియాది, రాత రష్యన్‌లో. వెనక వచ్చే తమవాళ్లకు అర్థమైతే చాలు.

అంటే సూత్రం తేలిపోయింది, చదవాల్సినవాడి భాషే బోర్డు భాష. యుద్ధంలో చదవాల్సింది పాతినవాడి మనుషులే. మావాడి బోర్డు మీద ఇంగ్లీషులో "మైన్స్" అని ఉండాలి. తమాషా ఏమిటంటే ఫ్రెంచిలోనూ ఆ మాటకు అవే అక్షరాలు, పలకడంలోనే తేడా. జర్మన్ మాటకూ దీనికీ తేడా చివరి అక్షరం ఒక్కటే, ఎస్ బదులు ఎన్. ఆ ఒక్క ఎస్ రాసి ఉంటే అమెరికా సైనికుడూ, బ్రిటిష్ సైనికుడూ, ఆ పొలం తాలూకు నార్మండీ రైతూ ముగ్గురూ చదువుకునేవారు.

మరి ఆటలో ఎందుకు తప్పింది? ఆఖరి ఆనవాలు ఆ సాయంత్రం దొరికింది. పక్కింటి కుర్రాడు తన కంప్యూటర్‌లో ఎదుటి పక్షంగా అదే ఆటలో చేరాడు. వాడి తెర మీద ఆ దారి ఖాళీగా ఉంది, బోర్డు లేదు! ఇటు మావాడి సైనికులు తమ పాతరల మీదుగానే తాపీగా నడిచిపోతున్నారు, ఏమీ పేలడం లేదు. శత్రువుకు కనబడదు, సొంతవాళ్లకు అక్కర్లేదు. ఆ బోర్డు నార్మండీ మట్టిలో పాతింది కాదు, మావాడి కళ్ల ముందు పాతింది. చదివే ఏకైక పాఠకుడు వాడే. రెండో ప్రపంచ యుద్ధం సినిమాలు చూసి పెరిగినవాడికి పుర్రె, "అఖ్టుంగ్" కలిసి కనబడితే చాలు, విడిగా అర్థం చెప్పక్కర్లేదు. చరిత్ర ప్రకారం తప్పు, సూత్రం ప్రకారం ఒప్పు. చదవాల్సినవాడికి అర్థమయ్యే భాషలోనే రాశారు. అది నా తీర్పు.

వాడు అంతటితో వదల్లేదు. "మరి ఇప్పుడు నిజంగా ఏ భాషలో రాయాలి?" అన్నాడు. దానికి రాతపూర్వకమైన జవాబే ఉంది. 1996లో సవరించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం బోర్డు సైనికుడి కోసం కాదు, అటుగా వచ్చే మామూలు మనిషి కోసం. ఎరుపు లేదా నారింజ రంగు, చుట్టూ మెరిసే పసుపు అంచు. చదరం పెడితే ఒక్కో వైపు కనీసం 15 సెంటీమీటర్లు. మాట అరబిక్, చైనీస్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్‌లలో ఏదో ఒకదానిలో ఉండాలి, దాంతోపాటు ఆ ప్రాంతపు భాషలోనూ ఉండాలి. ఆ ఆరింటిలో జర్మన్ లేదు. భారతదేశం ఈ ఒప్పందాన్ని 1999లో ఆమోదించింది. ఆ లెక్కన తెలుగు నేల మీద ఎప్పుడైనా అలాంటి బోర్డు పాతాల్సి వస్తే, దాని మీద తెలుగు కూడా ఉండాలి.